రూతు తనను పరిచయం చేసుకున్న ఎండాకాలం

స్టెల్లా టీచరు గారి ఇల్లు పడగొడుతున్నారని నాకెవరూ చెప్పలేదు. మొన్న కళ్ళజోడు బాగుచేయించుకుందామని బ్రాడీపేట వెళ్ళి, ఎండకు ఓర్వలేక సందులోంచి అడ్డదారిన నడుస్తుంటే ఇటుకముక్కల గుట్ట దారికి అడ్డం వచ్చింది. తల ఎత్తి చూస్తే ముందుగోడ లేదు. లోపలి గది, దాని వెనకాల మసిపట్టిన వంటిల్లు వీధిలోకి బయటపడి ఉన్నాయి. వరండా ఉండే చోట కూలీలు కూర్చుని అన్నం తింటున్నారు. ఇక్కడ ఏం కడుతున్నారమ్మా అని అడిగితే, "ఏదో కోచింగ్ సెంటరంటండీ, నాలుగంతస్తులంట" అని ఒకామె ముద్ద మింగి చెప్పింది. టీచరు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకు పిల్లలు లేరు, ఆ ఇల్లు ఎవరెవరి చేతులో మారింది. నాది కాని ఇంటి కోసం దుఃఖపడే హక్కు నాకేముంది గనక. అయినా అక్కణ్ణుంచి కదలలేకపోయాను. ఆ వరండాలో చాప మీద కూర్చుని నేనూ రూతూ మా పేర్లు ఇంగ్లీషులో చెప్పుకోవడం నేర్చుకున్నాం. మా ఇద్దరిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

మా ఇల్లు పాతగుంటూరులో ఉండేది. ముందు పరుపుల కొట్టు, వెనక రెండు గదులు, ఆ వెనక దొడ్డి. మా వాళ్ళు తరతరాలుగా దూదేకి బతికినవాళ్ళు. ఇంట్లో తెలుగే, వీధిలో తెలుగే. నమాజుకు తప్ప మరో భాషతో పని పడేది కాదు. నాన్న పొద్దున్నే దూదేకే మిషను తిప్పితే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే ఆపేవాడు. ఇంటి నిండా దూది నూగు. నీళ్ళబిందె మీద నూగు, అన్నంలో నూగు, నానమ్మ కనురెప్పల మీద నూగు. దానికి తోడు ఎండాకాలంలో యార్డుకు పోయే మిరపకాయల లారీలు మా వీధి చివర నుంచి పోతుంటే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి ఇదేం వాసనర్రా బాబూ అంటే మాకు అర్థమయ్యేది కాదు. ఊరన్నాక అలాగే ఉంటుందనుకునేవాళ్ళం.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇల్లంతా నానమ్మదే. ఆమె పేరు హుస్సేనమ్మ. తెల్లవారకముందే లేచి, దొడ్డి ఊడ్చి, కుంపటి రాజేసి టీ పెట్టేది. పంచదార టీ ఆమె దృష్టిలో టీ కాదు. బెల్లం నలగ్గొట్టి, పాలు విరగకుండా గిన్నె దించాక వేసి, తిప్పి తిప్పి ఇచ్చేది. ఎంత ఇష్టమైన మనిషికి అంత బెల్లం. నచ్చనివాళ్ళు వస్తే టీ చప్పగా ఉండేది. నాన్న ఆ టీ రుచి చూసి, వచ్చిన బేరగాడి మీద తన తల్లికి ఎలాంటి అభిప్రాయం ఉందో తెలుసుకునేవాడు.

ఇంటర్ పూర్తయిన ఆ ఎండాకాలం నాకు నర్సు కావాలని ఉండేది. బస్సులో పోయేంత దూరంలో మిషన్ ఆస్పత్రివాళ్ళ నర్సింగ్ స్కూలు ఒకటి ఉంది. అక్కడ మార్కులు చూసి ఊరుకోరు, ఎదురుగా కూర్చోబెట్టి ఇంగ్లీషులో మాట్లాడిస్తారు. ఏ అంశాల మీద మాట్లాడాలో ముందే చెప్పేవారు. ఆ యేడు రెండు ఇచ్చారు. మొదటిది నిన్ను నువ్వు పరిచయం చేసుకో, రెండోది ఆరోగ్యాన్నిచ్చే తిండి గురించి చెప్పు. నేను చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు చదవగలను, రాయగలను, నోరు తెరిస్తే మాత్రం మాట బయటికి రాదు. నాన్న నాలుగుచోట్ల విచారించి బ్రాడీపేటలో స్టెల్లా టీచరు గారి దగ్గర కుదిర్చాడు.

అదే వారం చిలకలూరిపేట నుంచి జాన్ గారు వచ్చారు. ఆయన అక్కడి పత్తి మిల్లులో మేస్త్రీ. నాన్నకు పరుపుల దూది ఆయన చేతుల మీదుగా వచ్చేది. ఆయన వెనకాల సన్నగా, పొడుగ్గా, చేతిలో రేకు పెట్టెతో ఒకమ్మాయి నిలబడి ఉంది.

"మా మేనకోడలు రూతండీ. వాళ్ళది సింగరాయకొండ పక్కన పల్లె. మా బావ చర్చిలో ఉపదేశి. ఈ పిల్లకి కూడా నర్సింగే. రెండు నెలలు మీ అమ్మాయితో పాటు ఇంగ్లీషు నేర్చుకుంటుంది, మీ ఇంట్లో ఓ మూల ఉండనిస్తే..." అన్నారు.

నాన్న నానమ్మ వంక చూశాడు. నానమ్మ రూతు వంక చూసి, "ఏందయ్యా జాను, పిల్లని ఇట్టా ఎండబెట్టారు. తిండి పెట్టట్లేదా మీ అక్క?" అంది. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. రూతు గ్లాసు అందుకుని ఒక్క క్షణం దానిలోకి చూసి, తాగేసింది. నానమ్మ నాకూ అదే టీ ఒక గ్లాసు ఇచ్చింది గనక నాకు తెలుసు. అంత బెల్లం నానమ్మ నా పుట్టినరోజుకు కూడా వేయలేదు.

రూతు మా ఇంట్లో కలిసిపోవడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. నాన్న భోజనానికి కూర్చుంటే మంచినీళ్ళు పెట్టేది, నానమ్మకు సూదిలో దారం ఎక్కించేది, దిండ్ల గలేబులు నాకంటే బాగా కుట్టేది. ఒక్క అలవాటే వింతగా ఉండేది. పొద్దున్నే ముఖం కడుక్కోగానే ప్రార్థనకని బయలుదేరేది. సాయంత్రం పాఠం అయ్యాక కూడా, "నువ్వు నడుస్తూ ఉండు నూర్జా, నేను గుడికెళ్ళి వస్తా" అని వెనకబడి, దారిలో మళ్ళీ నన్ను అందుకునేది. నానమ్మకు అది మహా గొప్పగా ఉండేది. "ఆ పిల్లని చూసి నేర్చుకోవే, రెండు పూటలా దేవుడి దగ్గరికి పోతది. నువ్వు శుక్రవారం నాడన్నా నెత్తిన చెంగు వేసుకోవు" అని నన్ను సాధించేది.

రైలుకట్ట దాటి బ్రాడీపేటకు నడిచి వెళ్ళేవాళ్ళం. అక్కడికి మాలాంటి అమ్మాయిలు ఇంకొందరు వచ్చేవాళ్ళు. టీచరు గారు గంజి పెట్టిన నూలుచీరలో, చేతిలో తాటాకు విసనకర్రతో కుర్చీలో కూర్చుని ఉండేవారు. ఆ విసనకర్ర గాలికి ఎంత పనికొచ్చేదో మా మోకాళ్ళ మీద కొట్టడానికి అంతే పనికొచ్చేది. మొదటి రోజు నన్ను లేపి పరిచయం చేసుకోమన్నారు. "మైసెల్ఫ్ షేక్ నూర్జహాన్" అన్నాను. విసనకర్ర పడింది.

"నీ పేరు చెప్పమంటే నన్ను నేను, నన్ను నేను అంటావేంటి? మై నేమ్ ఈజ్. అను."

"మై నేమ్ ఈజ్ నూర్జహాన్, టీచర్."

"అయ్యాం కమింగ్ ఫ్రమ్ అని కూడా అనకు. నువ్వు బస్సులో లేవు. అయ్యాం ఫ్రమ్ గుంటూర్. మొదట పేరు, తరవాత ఊరు, తరవాత నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరు, ఏం చదివావు, ఎందుకు నర్సు కావాలనుకుంటున్నావు. వినేవాడికి నీ వెనక ఒక ఇల్లు కనిపించాలి."

నాన్న చేసే పని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నేను తలవంచుకుంటే, "పరుపులు కుట్టేవాడు దొంగా? తల పైకెత్తి చెప్పు" అని ఇంకోటి తగిలించారు. రూతు వంతు వచ్చినప్పుడు ఆమె నెమ్మదిగా లేచి, చేతులు ముందు కట్టుకుని, తన తండ్రి ఉపదేశి అనీ, తల్లి పత్తి తీతకూ మిరపకోతకూ కూలికి వెళ్తుందనీ, తన ఊరికి సముద్రం మీది గాలి వస్తుందనీ చెప్పింది. తప్పులున్నాయి. అయినా టీచరు గారు విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని విన్నారు.

కొన్నాళ్ళకు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో ఆవిడకు బాగా తెలుసు. నీ బలం ఏమిటని అడుగుతారు, ఆ వెంటనే నీ బలహీనత ఏమిటని అడుగుతారు. "దానికి నిజం చెప్పేస్తారు పిచ్చిమొహాలు, నాకు కోపమెక్కువ, నాకు బద్ధకం అని. అట్లా చెప్పకూడదు. పని మొదలుపెడితే తిండి కూడా గుర్తుండదు అని చెప్పాలి. వినడానికి బలహీనతలా ఉంటుంది, వాళ్ళకు నచ్చుతుంది" అన్నారు. అందరం అదే వల్లించాం. రూతు మాత్రం వెంటనే లేవలేదు. టీచరు గారు రెండోసారి అడిగితే, మేమందరం చెప్పిందే చెప్పి కూర్చుంది. ఇంటికి వచ్చే దారిలో, "నిజం చెప్పకుండా పరిచయం ఎట్లా అవుతుందే?" అంది. నేను నవ్వాను. నాకప్పుడు అది పిల్లల మాటలా వినిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం నానమ్మ దొడ్లో తడికెల మరుగున స్నానాల చోటు కడుగుతూ ఆగిపోయింది. నీళ్ళు పోయే తూము దగ్గర చీమలు బారులు కట్టి ఉన్నాయి. "ఎవరే ఇక్కడ పానకం ఒలకబోసింది?" అని నన్ను కేకేసింది. నేను కాదన్నాను. నీళ్ళు కొట్టి చీమలను తోసేసింది. మర్నాటికి మళ్ళీ వచ్చాయి. నానమ్మ ఈసారి కేకలు వేయలేదు. చీపురు పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని, చాలాసేపు ఆ చీమలనే చూసింది. మా తాత చక్కెర జబ్బుతో పోయాడు. నేను పుట్టకముందు సంగతి అది. ఆఖరి రోజుల్లో ఆయన మంచం చుట్టూ నీళ్ళు పోసి ఉంచేవారట, చీమలు ఎక్కకుండా.

రూతు బట్టలు ఆరేస్తోంది. నేను మెట్ల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. నానమ్మ అక్కణ్ణుంచే అడిగింది.

"అమ్మాయ్ రూతూ, ఎన్నాళ్ళ నుంచి నీకిది?"

రూతు ఏది అని అడగలేదు. చేతిలో తడి ఓణీ అలాగే పట్టుకుని నిలబడింది. "రెండేళ్ళయింది మామ్మా" అంది.

"మందేమన్నా వాడతన్నావా?"

"సూది మామ్మా. రెండు పూటలా. బ్రాడీపేటలో ఒక కాంపౌండరు గారు మందు వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టి పొడుస్తారు."

"గుడికని పోయేది అందుకా?"

"గుడికీ పోతాను మామ్మా. సూది అయ్యాక."

నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి నా టీ ఎందుకు తాగావే తల్లీ ఇన్నాళ్ళూ? ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"మీరు అంత ప్రేమగా ఇస్తంటే కాదంటే ఎందుకని అడుగుతారు గదా. అడిగితే ఏం చెప్పను?" అని రూతు ఓణీని తాడు మీద వేసి, దాని వెనకాల ముఖం కనపడకుండా నిలబడి మిగతాది చెప్పింది. "మా మామయ్యకి కూడా తెలియదు. పెళ్ళి కావాల్సిన పిల్లవని అమ్మ ఎవరికీ చెప్పనీదు. నర్సింగ్‌లో తెలిస్తే సీటివ్వరు. ఎవరితో అనకండి మామ్మా. నువ్వు కూడా నూర్జా."

"అననులే" అంది నానమ్మ. నేను తల ఊపాను. నాన్నకు కూడా చెప్పలేదు. నాన్న అడగనూ లేదు.

ఆ మర్నాడు మా వంటిల్లు మారిపోయింది. రూతు టీలో బెల్లం మానేసి, కాసిని పాలెక్కువ పోసేది నానమ్మ. చప్పటి టీ తన చేత్తో ఆ పిల్లకు ఇవ్వాల్సి రావడం ఆమెకు ఎంత కష్టంగా ఉండేదో, గ్లాసు అందించేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది. అన్నం తగ్గించి జొన్నరొట్టెలు చేసేది. గోంగూర పప్పు, కాకరకాయ వేపుడు, తోటకూర, పల్చటి మజ్జిగ. ఏ పూట తిండి ఆ పూటకు, ఆలస్యం కాకుండా. తాతకు ఇవేవీ చేసిపెట్టలేదట. తిండి సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆయన వినేవాడు కాదట. రూతు ముఖంలో కొంచెం నునుపు వచ్చింది. తూము దగ్గర చీమలు పూర్తిగా పోలేదు గాని పల్చబడ్డాయి. రోజూ పొద్దున్నే నానమ్మ వెళ్ళి చూసి వచ్చేది.

మా రెండో అంశం ఆ వంటింట్లోనే తయారైంది. టీచరు గారు రాయించినదాన్లో పాలు, గుడ్లు, ఆపిల్ పళ్ళు, పప్పుధాన్యాలు ఉన్నాయి. అందరం దాన్నే బట్టీపట్టాం. రూతు మాత్రం పొయ్యి దగ్గర నానమ్మను అడిగి, నా దగ్గర మాటలు వెతికించుకుని, తనది తను కట్టుకుంది. జొన్న గురించి, సజ్జ గురించి, మా వైపు కూలికి పోయేవాళ్ళు పొద్దున ఏం తింటారు, మధ్యాహ్నం ఏం తింటారు, మిరపకోతలప్పుడు ఉత్త కారం మెతుకులతో రోజంతా ఎలా గడుపుతారు అని. గోంగూరను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియలేదు. టీచరు గారిని అడిగితే సోరెల్ అనాలన్నారు. నానమ్మ ఆ మాట విని, "పేరు మారిస్తే పులుపు తగ్గిద్దా?" అంది. రూతు వరండాలో నిలబడి మొత్తం చెప్పి ముగించాక టీచరు గారు, "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు. "ఇంట్లో టీచర్" అంది రూతు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు ఆమె ఎప్పటికన్నా తొందరగా నడిచింది. సీటు వస్తుందని ఆమె నిజంగా నమ్మిన రోజు అదొక్కటే అనుకుంటాను.

ఇంటర్వ్యూ నాడే ఒంటి పరీక్ష కూడా ఉంటుందని కబురు వచ్చింది. మూత్రం పరీక్ష చేస్తారని మాకు తెలుసు. రూతు ముందురోజు నుంచి తిండి బాగా తగ్గించేసింది. నానమ్మ బతిమాలింది. "ఒక్కరోజే మామ్మా, ఒక్కరోజు శుభ్రంగా వస్తే చాలు" అంది. కాంపౌండరు దగ్గర మందు సీసా తెచ్చుకుని, తెల్లవారుజామున తనే పొడుచుకుంది. ఎప్పటికన్నా ఎక్కువే ఎక్కించుకుందని తరవాత తెలిసింది. నానమ్మ జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. ఒక గుడ్డపీలికలో బెల్లంముక్క ముడివేసి నా చేతిలో పెట్టి, "చక్కెర పడిపోయి చెమటలు పడితే, మాట తడబడితే నోట్లో వెయ్యి. మీ తాతకు డాక్టరు చెప్పినమాట" అంది. దాన్ని నా సంచిలో వేసుకున్నాను.

ఆస్పత్రికి చేరేసరికి బాగా ఎండెక్కింది. ఇద్దరం మూత్రం సీసాలు ఇచ్చాం. కాసేపటికి ఒక నర్సు వచ్చి పేర్లు చదివి, ఈ అమ్మాయిలందరూ లోపలికి వెళ్ళొచ్చు అంది. అందులో రూతు పేరు ఉంది. రూతు నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి అప్పటికే చల్లగా ఉంది. తినమంటే, మళ్ళీ పరీక్షకు అడుగుతారేమో, అంతా అయిపోయాక తింటానంది. నన్ను ముందు పిలిచారు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, తల పైకెత్తి నాన్న పరుపులు కుడతాడని చెప్పాను. ఆపిల్ పళ్ళ గురించి కూడా చెప్పి బయటికి వచ్చాను. రూతు వంతు రావడానికి మధ్యాహ్నం దాటింది.

తలుపు తీసే ఉంది. నేను వరండాలో గోడకు ఆనుకుని విన్నాను. "గుడాఫ్టర్నూన్ మేడమ్. మై నేమ్ ఈజ్ రూత్." గొంతు స్పష్టంగా ఉంది. తండ్రి గురించి, తల్లి గురించి, సముద్రం గాలి గురించి చెప్పింది. లోపల ఎవరో మెచ్చుకున్నట్టుగా ఏదో అన్నారు. తిండి గురించి చెప్పమన్నారు. "వీ షుడ్ ఈట్ ఎట్ ద రైట్ టైమ్" అని మొదలుపెట్టింది. అక్కడ ఆగింది. మళ్ళీ అదే వాక్యం చెప్పింది. మూడోసారి అదే వాక్యాన్ని ఎవరో నిద్రలో మాట్లాడినట్టు చెప్పింది. నేను తలుపులోంచి చూసేసరికి ఆమె జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది. కుర్చీ పట్టుకోబోయి అందక కింద పడింది.

పరిగెత్తుకుంటూ వెళ్ళి ముడి విప్పి బెల్లం ఆమె చిగుళ్ళకు రుద్దాను. ఎవరో గ్లూకోజు నీళ్ళు తెచ్చారు. కాసేపటికి కళ్ళు తెరిచింది. మొదట నన్ను చూసింది, తరవాత నా చేతిలో గుడ్డపీలికను చూసింది. మేట్రన్ గారు పెద్దావిడ, తెల్లచీర. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు.

"ఈ అమ్మాయికి ఇది పెట్టాలని నీకెట్లా తెలుసు?" అని నన్ను తెలుగులో అడిగారు.

నేను గుడ్డపీలికను పిడికిట్లో దాచుకున్నాను. రూతే చెప్పింది. "నాకు షుగరుందండీ. రెండేళ్ళ నుంచి."

మేట్రన్ గారు కోప్పడలేదు. ఆమెను మంచం మీద పడుకోబెట్టించి, అన్నం తెప్పించి, తినేదాకా పక్కనే కూర్చున్నారు. తరవాత చెయ్యి పట్టుకుని, "నువ్వు చాలా బాగా మాట్లాడావమ్మా. కానీ ఇక్కడ రాత్రి డ్యూటీలు ఉంటాయి, తిండికి వేళ ఉండదు. నిన్ను తీసుకుంటే నీకే ముప్పు" అన్నారు.

"నేను చూసుకుంటానండీ. ఇన్నాళ్ళూ చూసుకున్నాను గదా."

"నా చేతిలో లేదమ్మా" అన్నారావిడ.

నాకు సీటు వచ్చింది. ఆ వేళ నా చురుకుదనం చూసి ఇచ్చారని తరవాత ఎవరో చెప్పారు. బస్సులో తిరిగి వస్తుంటే రూతు కిటికీ పక్కన కూర్చుని పత్తి తీసేసిన చేల వంక చూస్తూ, "నువ్వు పెట్టకపోతే చచ్చిపోయేదాన్నే" అంది. కాసేపటికి, "నీ మీద నాకేం లేదు నూర్జా. ఎవరి మీదా ఏం లేదు. ఏడుద్దామంటే ఎవరిని తలుచుకుని ఏడవాలో తెలియట్లేదు" అంది. ఇంటికి వచ్చాక నానమ్మ మా ముఖాలు చూసి, వెళ్ళి టీ పెట్టింది. ఆ వారంలోనే జాన్ గారు వచ్చి మేనకోడల్ని రైలెక్కించారు. రూతు వెళ్ళాక కూడా నానమ్మ కొన్నాళ్ళు టీ నాలుగు గ్లాసుల్లో పోసేది.

సింగరాయకొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రూతు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి చేరింది. నేను సెలవుల్లో ఒకసారి వెళ్ళాను. రేకుల షెడ్డులో పిల్లలు ఒక్కొక్కరే లేచి నిలబడి, చేతులు ముందు కట్టుకుని పేరు, ఊరు, నాన్న చేసే పని చెప్పారు. ఒకడు వాళ్ళ నాన్న చేపలు పడతాడనీ, తాగుతాడనీ కూడా చెప్పాడు. రూతు వాణ్ణి ఆపలేదు. సూదిమందు కోసం ఒంగోలు పోవాల్సి వచ్చేది. వానలు వచ్చినా, బస్సులు ఆగినా మందు ఆగిపోయేది. నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. అప్పటికి నాకు చదువు వచ్చింది గదా. రూతు అన్నీ విని, "నాకు తెలుసులేవే" అంది.

పెళ్ళిచూపుల సంగతి వాళ్ళమ్మ చెప్పింది. కందుకూరు నుంచి ఒక సంబంధం వచ్చిందట, పిల్లాడు టీచరు. తల్లి ముందురోజంతా కూతురి కాళ్ళావేళ్ళా పడింది, ఆ ఒక్క మాట అనొద్దని. పెద్దలు నీ గురించి చెప్పమ్మా అని అడిగితే, రూతు తన పేరు చెప్పి, చదువు చెప్పి, "నాకు షుగరుంది, రోజూ రెండు సూదులు పొడుచుకుంటాను" అని చెప్పింది. వచ్చినవాళ్ళు మర్యాదస్తులు, టీ తాగేదాకా కూర్చున్నారట. తరవాత మరో సంబంధం వచ్చినా ఆమె అదే చెప్పింది. ఆపైన ఎవరూ రాలేదు. "అబద్ధం ఆడమన్నానా? నోరు మూసుకోమన్నాను, అంతేగా" అని ఆ తల్లి నన్ను పట్టుకుని అడిగింది.

రూతు చూపు ముందు మసకబారింది. బడి మానేసింది. తరవాత కాళ్ళు వాచాయి. నేను పనిచేస్తున్న ఆస్పత్రికి తెచ్చేసరికి రెండు కిడ్నీలూ పాడైపోయి ఉన్నాయి. ముప్పై అయిదేళ్ళు కూడా నిండలేదు, జుట్టు నెరిసింది. నా గొంతు విని గుర్తుపట్టింది. నానమ్మ ఎట్లా ఉందని అడిగింది. పోయిందని చెప్పాను. మా వార్డుకు అప్పుడే శిక్షణకు వచ్చిన అమ్మాయిలు ఆమె మంచం చుట్టూ నిలబడితే, వాళ్ళకు ఇంగ్లీషులో తనను పరిచయం చేసుకుంది. అక్షరం తప్పు లేదు. ఒక పిల్ల పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నర్సుగా నాకు తెలిసిన విద్యంతా ఆ వారంలో ఆమె మీద ప్రయోగించాను. ఆదివారం పొద్దున, వాళ్ళ నాన్న బైబిలు చదువుతుండగా పోయింది. ఆయన చదువుతున్న భాగం పూర్తయ్యేదాకా ఆపలేదు.

ఇదంతా ఆ ఇటుకల గుట్ట దగ్గర నిలబడి తలుచుకున్నాను. నేను రిటైరయ్యాక తెలిసిన డాక్టరు గారి దగ్గర వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. కొత్తగా సూదిమందు మొదలుపెట్టినవాళ్ళకు ఎలా పొడుచుకోవాలో చూపిస్తాను. ఇప్పుడు ఆ సూది వెంట్రుకంత ఉంటుంది, పెన్నులా జేబులో పెట్టుకోవచ్చు. వేలి మీద చుక్క రక్తంతో ఇంట్లోనే చక్కెర ఎంతుందో తెలిసిపోతుంది. మందులషాపు ప్రతి సందులో ఉంది. నానమ్మ చేసిన జొన్నరొట్టెలు ఇప్పుడు గొప్పవాళ్ళు డబ్బాల్లో కొనుక్కుంటున్నారు. ఏం తినాలో, ఎప్పుడు తినాలో ఫోనులో రోజంతా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. రూతుకు దొరకనివన్నీ దొరుకుతున్నాయి. నాకు ఇది సంతోషంగా ఉండాలి. కొన్నాళ్ళు ఉండేది కూడా.

పోయిన వారం నర్సరావుపేట వైపు నుంచి ఒక తల్లి, కూతురూ వచ్చారు. పిల్లకు పదిహేడేళ్ళు. జబ్బు బయటపడి నెల కాలేదు. కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో చేరాలి. పిల్ల చాలా తెలివైంది, ఒక్కసారి చూపించగానే తనే పొడుచుకుంది. తల్లి తలుపు దగ్గరికి వేసి వచ్చి, "మేడం గారూ, ఇక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదండీ. రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల" అంది. నేను ఆమెకు చాలా చెప్పాను. కాలం మారిందని చెప్పాను. హాస్టల్ వార్డెన్‌కు, ఒక స్నేహితురాలికి తప్పకుండా తెలిసి ఉండాలనీ, లేకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పాను. ఆమె అన్నిటికీ తల ఊపి, అంతా అయ్యాక, "అయినా చెప్పకండి" అంది.

పిల్ల మందుపెట్టె చున్నీ కింద పెట్టుకుంటూ, "ఆంటీ, ఇది ఫ్రిజ్‌లో ఉంచాలి గదా. హాస్టల్లో ఫ్రిజ్ వార్డెన్ గదిలోనే ఉందంట. చెప్పకుండా ఎట్లా పెట్టుకోవాలి?" అని అడిగింది.

తల్లి నా వంక చూసింది. ఇద్దరినీ మందలించి పంపేయవచ్చు. పంపిస్తే ఆ పిల్ల ఈ ఎండల్లో ఆ మందుపెట్టెను బట్టల మధ్య దాచుకుంటుంది, మందు పాడైపోతుంది, పాడైందని కూడా తెలియదు. అందుకని కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండు మట్టికుండలు కొనుక్కోమని చెప్పాను. పెద్దదాంట్లో ఇసుక పోసి తడపాలి, చిన్నదాన్ని ఆ ఇసుకలో దించి మందు అందులో పెట్టాలి, మూత వేసి నీడన, మంచం కిందైనా సరే, ఉంచాలి, పొద్దునా సాయంత్రం ఇసుక తడుపుతూ ఉండాలి అని చెప్పాను. ఎవరన్నా అడిగితే ఏదో మొక్క కోసమని చెప్పమని తల్లి కూతురితో అంది. పిల్ల నేను చెప్పినవన్నీ వరసగా ఒకసారి తిరిగి అప్పజెప్పింది. ఎక్కడా తప్పు లేదు. సరిగ్గా చెప్పావమ్మా అన్నాను.